ఎడమ కాలువకు వంపులెట్లా వచ్చాయి

మునగాల దాటేలోపే గట్టయ్య పదకొండు బూతులు తీసేశాడు. కోదాడలో బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టుకోవడం, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకోవడం, ఫోనులో నిజకోశం తెరిచి రాత్రంతా జనం చేసిన పాడుపనిని శుభ్రం చేయడం, పదహారు నెలలుగా ఇదే వరస. బూతులు తీయడంలో పెద్ద కష్టమేమీ లేదు. ఎప్పుడూ అవే నాలుగు బూతులు, రాసేవాళ్లే మారుతుంటారు. ఈ పొద్దున ‘టైగర్ 007’ అనే మహానుభావుడు నీలకంఠన్న తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక జంతువు పేరు రాసిపెట్టాడు. గట్టయ్య నొచ్చుకున్నాడు. తిట్టినందుకు కాదు, ఇంత నీరసంగా తిట్టినందుకు.

నిజకోశం అంటే ఇంటర్నెట్‌లో ఉండే విజ్ఞాన సర్వస్వం. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అని మొదటి పేజీలోనే ఉంటుంది. పెట్టినవాడు నీలకంఠన్న, రెండుసార్లు అసెంబ్లీకి నిలబడి రెండుసార్లూ ఓడిన నాయకుడు. లోకంలో ఉన్న విజ్ఞాన సర్వస్వాలలో తన గురించి రెండే వాక్యాలున్నాయని, అందులో ఒకటి ఓటమి గురించేనని అలిగి ఆయన సొంతంగా ఒకటి పెట్టుకున్నాడు. అందులో సూర్యాపేట గురించి చదివినా, వరి తెగుళ్ల గురించి చదివినా, ఆఫ్రికా ఖండం గురించి చదివినా మూడో పేరాకల్లా నీలకంఠన్న వచ్చేస్తాడు. ఆఫ్రికాకు ఆయన ఇంకా వెళ్లలేదు. వెళ్లే ఆలోచన ఉన్నదని రాసి ఉంటుంది.

గట్టయ్యకు యాభై ఏడేళ్లు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి కంప్యూటరు మౌసు పట్టుకుని పట్టుకుని కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది, దూరం నుంచి చూస్తే ఎప్పుడూ ఏదో సంచీ మోస్తున్నట్టుంటాడు. మొదట గోడల మీద రాశాడు, తర్వాత బట్ట బ్యానర్లు, ఆ తర్వాత ఫ్లెక్సీలు, మొత్తం ముప్పై రెండేళ్లు. కోదాడలో పుట్టినరోజు జరుపుకున్న ప్రతి చోటా మోటా నాయకుడికీ, కన్నుమూసిన ప్రతి షావుకారుకీ మాటలు సమకూర్చింది అతనే. వాటిని ఎవరూ చదివేవాళ్లు కాదు. తమ ఫోటో ఎంత పెద్దగా పడిందో, పక్కవాడి ఫోటో ఎంత చిన్నగా పడిందో చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. చివరికి ఆ పని కూడా ఫోన్లలోకి పోయింది, దుకాణం మూతపడింది. ఆ రోజుల్లో గట్టయ్య ఆరు నెలలు ఇంట్లోనే కూర్చుని, బ్లౌజులు కుట్టుకునే భార్య ముత్తమ్మకు గుండీలు ఎక్కడ పెట్టాలో సలహాలు చెప్పాడు. ఏడో నెలలో ముత్తమ్మే ఎవరెవరినో పట్టుకుని నిజకోశంలో ఈ పని చూసిపెట్టింది.

సూర్యాపేటలో టైర్ల దుకాణం పైన ఒక పెద్ద గది, అదే ఆఫీసు. ఏసీ ఉంది, గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంది. బల్ల మీద ‘సత్య పరిరక్షకుడు’ అని గట్టయ్య హోదా రాసిన చెక్క ఉంది. బయటివాళ్లు ఏది రాసినా అతని ముందుకు వస్తుంది, కింద రెండు గుర్తులు ఉంటాయి: ‘ఉంచు’, ‘తీసెయ్’. ఏది నొక్కాలో ఆఫీసు ఇన్‌చార్జి, నీలకంఠన్న బావమరిది అయిన వినయ్ గోడకు ఒక కాగితం అంటించి పెట్టాడు. అన్నను పొగిడితే ఉంచు. తిడితే తీసెయ్. అనుమానం వస్తే తీసెయ్.

ఈ నియమం ఎక్కడ చెడిందంటే మరియమ్మ టీచర్ దగ్గర చెడింది.

మిగతా ఆకతాయిలంతా పులుల పేర్లు, సింహాల పేర్లు పెట్టుకుని దాక్కుని రాస్తే, ఆమె మాత్రం ‘మరియమ్మ, రిటైర్డ్ సోషల్ టీచర్, మిర్యాలగూడ’ అని ఇంటి నంబరుతో సహా నమోదు చేసుకుంది. దామరచర్ల దారిలో ఒక ఊళ్లో ఆమె ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పిన హైస్కూలు ఉంది. దాన్ని నీలకంఠన్న కట్టించాడని నిజకోశంలో ఉంది. ఆమె దాన్ని కొట్టేసి, ‘ఈ బడిని 1984లో ఊరివాళ్లు చందాలు వేసుకుని, రాళ్లు మోసుకుని కట్టుకున్నారు. అప్పుడు నీలకంఠం మూడో తరగతి’ అని రాసింది. గట్టయ్య చూశాడు. పొగడ్త కాదు. తిట్టూ కాదు. అనుమానం వచ్చింది, తీసేశాడు. ఆమె మళ్లీ రాసింది, మళ్లీ తీసేశాడు. మూడోసారి కూడా తీసేశాక, కారణం రాయాల్సిన గడిలో ఆమె రాసింది: ‘తీసేసిన విద్యార్థి లేచి నిలబడి కారణం చెప్పాలి.’

గట్టయ్య లేచి నిలబడ్డాడు. ఆఫీసులో అందరూ చూస్తున్నారని అర్థమయ్యాక నడుం పట్టుకుని, అటూ ఇటూ వంగి, కూర్చున్నాడు. ‘పై నుంచి ఆర్డరు టీచర్. గట్టయ్య’ అని జవాబు రాశాడు. ‘అట్లయితే పైవాళ్లకు నచ్చినట్టే రాస్తా’ అని ఆమె రాసింది.

మర్నాడు ఎడమ కాలువ వచ్చింది. ‘ఐదేళ్ల ప్రాయంలో నీలకంఠన్న సాగర్ ఎడమ కాలువ గట్టున ఆడుకుంటూ పరుగెత్తగా, నీళ్లు ఆయన వెంటపడినవి. ఆయన ఎటు తిరిగితే కాలువ అటు తిరిగినది. నేటికీ ఎడమ కాలువకు వంపులుండుటకు ఇదియే కారణము.’ గట్టయ్య నోట్లో ఉన్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. ముప్పై రెండేళ్లు పొగడ్తల మీద బతికిన మనిషి కదా, వాటి కొలత అతనికి తెలుసు. నాయకుణ్ని పులి అనొచ్చు, సింహం అనొచ్చు, రెండూ ఒకే ఫ్లెక్సీ మీద అనొచ్చు. కాలువను వంకర తిప్పాడని అంటే అది పొగడ్త కాదు, నిలువునా ఎక్కిరింపు. కానీ గోడమీది కాగితం ఏమంటున్నది? పొగిడితే ఉంచు. గట్టయ్య జీవితంలో మొదటిసారి నియమాన్ని అక్షరాలా పాటించి, ‘ఉంచు’ నొక్కాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు, వారానికి రెండు. మేళ్లచెరువు సున్నపురాయి మొదట నల్లగా ఉండేదని, అన్న పాదయాత్ర తర్వాత తెల్లబడిందని రాసింది. అన్న ఓడిన రెండు ఎన్నికల్లోనూ నిజానికి ఓటర్లే ఓడారని రాసింది. ‘అన్న మౌనంగా ఉన్న రోజులు’ అని ఒక పేజీ తెరిచి, కింద ఏమీ రాయకుండా వదిలేసింది. పని సగంలో ఆగిందనుకుని వినయ్ దాన్ని పూర్తి చేయమన్నాడు. ప్రతిదానికీ గట్టయ్యే ‘ఉంచు’ నొక్కాడు, ప్రతిదాని కిందా అతని పేరు పడింది. ఆమె రాసిన రోజు అతను హుషారుగా ఉండేవాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు, గొంతు వినలేదు, అయినా పొద్దున బస్సులో ఆమె పేరు కనిపిస్తే ప్రాణం లేచి వచ్చేది. నిజం రాసినప్పుడు మూడుసార్లు తీసేశానే అన్న సిగ్గు మాత్రం లోపల అట్లాగే ఉంది.

ఈ రోజు ఆఫీసు మెట్లెక్కేసరికి వినయ్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

“గట్టన్నా, నిన్న హుజూర్‌నగర్ మీటింగ్‌ల అన్న ఎడమ కాలువ ముచ్చట సదివిండు. మన నిజకోశం నుంచే, ఫోన్ల సూసుకుంట. జనం ఐదు నిమిషాలు ఆగకుండ సప్పట్లు! ఒకటే ఈలలు! అన్న రాత్రంత పండుకోలే.”

“జనం నవ్విండ్రా సార్?” గట్టయ్య అడిగాడు.

“నవ్వరా మరి, సంతోషం! గా మరియమ్మ టీచర్‌ను తీస్కరమ్మన్నడు. ఇయ్యాల అయిదింటికి కోదాడ సభల స్టేజి మీద సన్మానం. నిజకోశానికి గామెనే పెద్ద ఎడిటర్ అంట. మైకు ఇచ్చి, అసొంటియి ఇంకో నాలుగు ఆమె నోటితోనే చెప్పిస్తడంట.”

“మైకు ఎందుకు సార్? పెద్దామె. శాలువా కప్పి పంపిస్తే అయిపాయె.”

“సన్మానం జేసి మైకియ్యకపోతే ఎట్ల? నువ్వే పోయి తీస్కరా. రాకపోతే నువ్వు గూడ రాకు.” వినయ్ నవ్వాడు. వినయ్ నవ్వుతూ చెప్పినవే జరుగుతాయని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆమెను తేకపోతే గట్టయ్య పని పోతుంది. తెస్తే, ఆమె మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు చెబుతుంది, అప్పుడూ పోతుంది. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషికి పదివేల మంది ఒక లెక్కా? ఎనిమిది నెలల ఎక్కిరింపుల కిందా తన పేరే ఉంది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకెవరూ పిలవరు, మళ్లీ పొద్దుపోయేదాకా ముత్తమ్మ మిషను పక్కన గుండీలు చూస్తూ కూర్చోవాలి. దేవుడా, గొంతు నొప్పి అని చెప్పమంటే చెబుతుందా ఆమె?

ఖాళీగా ఉన్న బండి ఒక్కటే, ప్రచారం బండి. రెండు పక్కలా నీలకంఠన్న నిలువెత్తు ఫ్లెక్సీలు, పైన నాలుగు మైకు డబ్బాలు. డ్రైవర్ ఫకీరా తాళం తిప్పగానే ఇంజనుతో పాటే అన్న గుణగణాల పాట మొదలైంది.

“జర పాట ఆపు ఫకీరా.”

“ఆగదన్నా. మొన్న వైరింగ్ చేసినోడు రెండూ కలిపిండు. ఇంజన్ చాలూ అయితే పాట చాలూ అయితది.”

“ఇంకో తీర్గ ఆపలేవా?”

“ఆపొచ్చు. బండి గూడ ఆగుతది.”

అట్లా సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా గట్టయ్య ఆ పాట ఇరవై రెండుసార్లు విన్నాడు. ఆ హోరులోనే మరియమ్మతో ఏం మాట్లాడాలో పాఠంలా వల్లెవేసుకున్నాడు. టీచరమ్మా, మీ కాళ్లు మొక్కుతా, స్టేజి ఎక్కండి, దండం పెట్టండి, దిగండి. లేదంటే అసలే రాకండి, జ్వరమని నేను చెబుతా. లేదు, లేదు, మొదట బడి సంగతి మాట్లాడాలి. మూడుసార్లు తీసేసింది నేనేనమ్మా, తప్పయింది అనాలి. ఏది ముందు చెప్పాలో తేలకముందే రైసు మిల్లులు వచ్చేశాయి, ఊక దుమ్ము కళ్లల్లో పడింది.

ఇంటి నంబరు వెతుక్కుంటూ బండి సందులోకి తిరిగింది. ఆ చివర టెంటు వేసి ఉంది. నీలం కుర్చీల్లో జనం. వాకిట్లో కొందరు ఆడవాళ్లు బైబిలు పట్టుకుని మెల్లగా పాడుతున్నారు. వాళ్ల మీదికి నాలుగు మైకు డబ్బాల నుంచి అన్న ధైర్యసాహసాలు విరుచుకుపడ్డాయి. కుర్చీల్లో వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఫకీరా అదిరిపడి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలోకి గట్టయ్య ఒక్కడే దిగాడు. ఎవరి ఇల్లని అడగాల్సిన పని లేకపోయింది, గుమ్మం పక్కన ‘మరియమ్మ, టీచర్’ అని రాతిమీద చెక్కి ఉంది.

ఆమె నట్టింట్లో పెట్టెలో పడుకుని ఉంది. అతను అనుకున్నదానికంటే చిన్న మనిషి. తెల్లచీర, నుదుటి నుంచి వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, ఎడమ పెదవి కొస కాస్త పైకి లేచి ఉంది. గట్టయ్య చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడమన్నది ఆమే కదా. కారణం చెప్పబోయాడు. ఏడుపు వచ్చింది. చూడని మనిషి కోసం ఇంత ఏడుపు తన లోపల ఉన్నట్టు అతనికే తెలియదు.

నలభై ఏళ్ల మనిషి ఒకామె దగ్గరికి వచ్చింది. మరియమ్మ తమ్ముడి బిడ్డ అరుణ, చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లోనే పెరిగింది. బండి వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

“మీరెవరండీ?”

“గట్టయ్య అంటరమ్మా. నిజకోశం...”

“తీసేసే గట్టయ్యనా, ఉంచే గట్టయ్యనా?”

“రెండూ నేనేనమ్మా.”

ఏడ్చి ఏడ్చి వాచిన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం నవ్వు వచ్చింది. “మా మేనత్త రోజూ మీ ముచ్చటే చెప్పేది. పిరికోడు గని మంచోడు అనేది. నిన్న రాత్రి మీటింగ్ వీడియో ఎవరో పంపిండ్రు. ఆయన ఎడమ కాలువ గురించి సదువుతుంటే ఒకటే నవ్వుడు. నాలుగుసార్లు పెట్టిచ్చుకున్నది. నవ్వి నవ్వి ఆయాసమొచ్చి, ఇగ సాలు, పండుకుంట అన్నది. పొద్దున చాయ్ ఇద్దామని లేపితే లేవలే.”

గట్టయ్య బయటికి వచ్చి కుర్చీలో కూలబడి వినయ్‌కు ఫోన్ చేశాడు. సంగతి విని వినయ్ అయ్యయ్యో అన్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాడు. అవతల ఎవరితోనో గుసగుసలు వినిపించాయి. మళ్లీ వచ్చేసరికి గొంతులో హుషారుంది.

“గట్టన్నా, అన్న నాలుగింటికి గాడికే వస్తడు. అట్నుంచి అటే సభకు. నువ్వు దబ్బున నిజకోశంల గామె పేజీ పెట్టు. నీలకంఠన్న వీరాభిమాని, అన్న గొంతు ఇనుకుంటనే ప్రాణం ఇడిసింది అని రాయి. గాడ్నే ఓ ఫ్లెక్సీ కొట్టియ్యి. ఆమె ఫోటో చిన్నగ, అన్నది పెద్దగ. రాసుడు నీకు చెప్పాల్నా, నీకు ఎడమ చేతి పని.”

“సార్, ఆమె అసొంటిది కాదు సార్.”

“చచ్చిపోయినామె వచ్చి కాదంటదా? అర్ధగంటల పెట్టు. నీ పని పర్మనెంటు చేపిస్త పో.”

గట్టయ్య ఫోను తొడ మీద పెట్టుకున్నాడు. పర్మనెంటు! ఏసీ, తిరిగే కుర్చీ, బల్ల మీద చెక్క, అన్నీ ఇక పోవు. స్టేజి లేదు, మైకు లేదు, పొద్దున పడ్డ భయమంతా తీరిపోయింది. చేయాల్సిందల్లా నాలుగు ముక్కలు రాయడమే. ఇట్లాంటివి వెయ్యి రాసి ఉంటాడు. పెళ్లాన్ని కొట్టి చంపినవాడిని ప్రేమమూర్తి అని రాశాడు, ఊరి కుంట ఆక్రమించినవాడిని దానకర్ణుడని రాశాడు, రాత్రి ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాడు. వేళ్లు వాటంతటవే కదిలాయి. ‘వీరా’ అని పడింది.

ఆపైన బొటనవేలు కదలలేదు. లోపల ఆడవాళ్లు ఆగిపోయిన పాట మళ్లీ ఎత్తుకున్నారు. పొరుగింటి నడివయసు మనిషి ఒకడు వచ్చి, టీచర్ పోయింది, నాకు మ్యాపుల భారతదేశం గీయడం నేర్పింది ఈమెనే అని ఎవరికీ కాకుండా చెప్పుకుంటున్నాడు. నాలుగింటికి ఇక్కడ నీలకంఠన్న ఫోటో పెద్దగా, ఆమె ఫోటో చిన్నగా నిలబెడతారు. రేపట్నుంచి లోకంలో ఎవరు మరియమ్మ పేరు కొట్టినా వీరాభిమాని అని వస్తుంది. గట్టయ్యకు కోపం వచ్చింది. ముప్పై రెండేళ్లుగా రావాల్సిన కోపమంతా ఒక్కసారే వచ్చినట్టుంది, చెవులు వేడెక్కాయి.

ఆ రెండక్షరాలు చెరిపేసి, మొదటి నుంచి రాశాడు. ‘మరియమ్మ: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు. దామరచర్ల దారిలోని హైస్కూలులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. ఆ బడిని ఊరివాళ్లే కట్టుకున్నారు. ఈమె నీలకంఠన్న అభిమాని కాదు. ఎడమ కాలువ గురించి ఈమె రాసింది వేళాకోళం. అది వేళాకోళమని తెలిసే ఉంచినవాడు గట్టయ్య.’ ఒకసారి చదువుకున్నాడు. ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు. అనుమానమూ లేదు. ‘ఉంచు’ నొక్కాడు.

పదకొండు నిమిషాలకు ఫోన్ మోగింది. వినయ్ గొంతు సందు చివరి దాకా వినిపించింది. ఆ మాటలన్నీ గట్టయ్య రోజూ పొద్దున బస్సులో తీసేసే మాటలే. రేపట్నుంచి రావద్దని, నీలకంఠన్న కూడా అక్కడికి రావడం లేదని, బండిని వెంటనే పంపమని చెప్పి పెట్టేశాడు. ఐదు నిమిషాలాగి మళ్లీ చేశాడు. ఈసారి గొంతు తగ్గింది.

“గట్టన్నా, గా పేజీ తీసేసుడు ఎట్లనో జర చెప్పు.”

“నేను ఇప్పుడు మీ దగ్గర పని చేస్తలేను గద సార్,” అన్నాడు గట్టయ్య. ఆ మాట అన్నాక ఒళ్లంతా తేలికైంది. వెంటనే భయమూ వేసింది.

ఫకీరా జాలిగా చూసి, బండిని మెయిన్ రోడ్డు దాకా పాట లేకుండా నలుగురి చేత తోయించుకుని పోయాడు. గట్టయ్య ముత్తమ్మకు ఫోన్ చేశాడు. ఆమె మిషను ఆపి అంతా విన్నది. “సరే తియ్, మన్ను పోసేదాంక ఉండి రా. ఆకలైతే ఏమన్న తిను,” అంది.

మూడింటికి ప్రార్థన అయింది. పెట్టె ఎత్తేటప్పుడు అరుణ అతన్ని పిలిచింది. దిగిపోయిన కుడి భుజం మీద బరువు సరిగా ఆనలేదు, ఎడమ భుజానికి మార్చుకుని మోశాడు. సమాధుల తోటలో మూడు గుప్పెళ్ల మన్ను వేశాడు. ప్రతి గుప్పెడుకూ తప్పయింది టీచర్ అన్నాడు, పైకే అన్నాడు. పక్కవాళ్లు వినీ విననట్టు ఊరుకున్నారు.

తిరిగి వచ్చాక అరుణ చాయ్ ఇచ్చి, లోపలి గదిలోకి తీసుకుపోయింది. కిటికీ కింద చెక్క బల్ల, దాని మీద పిల్లలు రాసుకునే రెండు వందల పేజీల నోటుబుక్కు. మరియమ్మ ఎక్కిరింపులన్నీ మొదట అందులో రాసుకుని, కొట్టేసి, తిరగరాసి, ఎర్ర సిరాతో తనకు తానే మార్కులు వేసుకుంది. సున్నపురాయికి పదికి ఆరు, ‘ఇంకా శ్రద్ధ వహించాలి’. మౌనానికి ఎనిమిది. ఎడమ కాలువకు తొమ్మిదిన్నర, పక్కన చిన్నగా ‘గట్టయ్య నవ్వి ఉంటాడు’. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పేజీలు తిప్పుతూ చివరిదాకా వచ్చాడు. నిన్నటి తేదీ వేసి ఉంది. ‘కోదాడ సభకు నీలకంఠన్న విచ్చేయుచున్నాడని తెలిసి, సూర్యుడు ఆ పూటకు సెలవు చీటీ పంపినాడు’ అని ఒకటే వాక్యం. అంచున మార్కులు వేయాల్సిన చోట ఏమీ లేదు. ఎర్ర పెన్ను మూత తీసి, ఆ పేజీలోనే అడ్డంగా పెట్టి ఉంది.